‘సౌజన్యం: గూగుల్’ అంటే అనుమతి కాదు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికో ఉగాదికో రెండు రోజుల ముందు ప్రతి ఆఫీసులోనూ ఒక శుభాకాంక్షల పోస్టరు, ఒక రీలు తయారవుతాయి. నెట్‌లో దొరికిన బొమ్మ, వెనక సినిమా పాట, మూలన ‘సౌజన్యం: గూగుల్’. గూగుల్ బొమ్మను వెతికి చూపిస్తుందే తప్ప దానికి యజమాని కాదు. అసలు యజమాని పేరే వేసినా, ఆయన ఒప్పుకోనిదే అది అనుమతి కిందికి రాదు.

ఏడాదికోసారి గంటసేపు స్లైడ్లు చూపించి సంతకాలు పెట్టించుకునే కాపీరైట్ శిక్షణ దీన్ని ఆపలేదు. సాయంత్రానికల్లా పోస్టరు కావాలని మేనేజరు తొందరపెట్టినప్పుడే తప్పు జరుగుతుంది. అందుకే చట్టంలోని సెక్షన్ల కన్నా ముందు, ఫైలు దించుకునేటప్పుడు ఏం చేయాలో నేర్పాలి. ఎక్కడిది, ఎవరిది, ఏ లైసెన్సు, ఏ తేదీన దించుకున్నాం అన్న నాలుగు వివరాలూ ఒక షీటులో రాయాలి. లైసెన్సు పేజీ స్క్రీన్‌షాట్ బొమ్మతో పాటే అదే ఫోల్డరులో దాచాలి. ఆ పేజీని రేపు ఎవరైనా మార్చేస్తే మన దగ్గర మిగిలే రుజువు అదొక్కటే. క్రియేటివ్ కామన్స్ బొమ్మ, అంటే కొన్ని షరతులతో వాడుకోమని యజమానే ముందుగా అనుమతించిన బొమ్మ, ఉచితమే కదా అని చాలామంది చదవకుండా వాడేస్తారు. దాని లైసెన్సులో ‘ఎన్‌సీ’ (నాన్-కమర్షియల్) ఉంటే వ్యాపార ప్రచారానికి పనికిరాదు. ‘ఎన్‌డీ’ (నో డెరివేటివ్స్) ఉంటే కత్తిరించి, రంగులు మార్చి పంచకూడదు.

పాటల విషయంలో అపోహలు మరీ ఎక్కువ. ‘ఏడు సెకన్లలోపు వాడితే ఫరవాలేదు’ అన్న మాట 1957 కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. పెళ్లి ఊరేగింపుల్లో, పెళ్లి వేడుకల్లో పాటలు వినిపించడానికి 52వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు కంపెనీ వార్షికోత్సవానికి వర్తించదు. అక్కడ సాహిత్యానికీ బాణీకీ ఒక లైసెన్సు, రికార్డింగుకు మరొకటి కావాలి. ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ ఖాతాలో ఫలానా పాట దొరకడం లేదని ఉద్యోగి సొంత ఖాతా నుంచి కంపెనీ రీలు పెట్టించడం ఇప్పుడు మామూలైపోయింది. ఖాతా ఎవరిదైనా అది కంపెనీ ప్రచారమే.

గోడల మీద రాయించే కవితలకూ లెక్క ఉంది. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీ కవితలకు 2043 చివరిదాకా అనుమతి తీసుకోవాల్సిందే.

ఉద్యోగంలో భాగంగా ఉద్యోగి రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, సంస్థదే. బయటివారితో రాయించిన స్క్రిప్టు, వేయించిన లోగో మాత్రం డబ్బిచ్చినంత మాత్రాన సంస్థవి అయిపోవు. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ సంతకంతో కాగితం మీద ఉండాలి. అందులో కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలో శాఖ తెరిచాక ఈ ఖాళీ బయటపడుతుంది. అప్పుడు డిజైనరు అడిగినంత ఇవ్వక తప్పదు.

ఫాంట్ల గొడవ తేలిగ్గా తప్పించుకోవచ్చు. మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఇవి ఉండగా దొంగ కాపీల జోలికి ఎందుకు పోతారో! నకిలీదని తెలిసీ సాఫ్ట్‌వేర్ వాడితే 63బి సెక్షన్ 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అంటోంది. నేరం కంపెనీదైతే 69వ సెక్షన్ వ్యవహారాలు చూసే బాధ్యులనూ వదలదు. కాబట్టి పోస్టరు అడిగే మేనేజరును కూడా ఈ తరగతిలో కూర్చోబెట్టాలి.

నోటీసు వచ్చినప్పటి సంగతి కూడా నేర్పాలి. కంగారులో పోస్టు తీసేసి, ఫైళ్లు కూడా చెరిపేసేవాళ్లే ఎక్కువ. పోస్టు వెంటనే తీసేయాలి కానీ ఫైలు, షీటు, స్క్రీన్‌షాట్ అలాగే ఉంచి ఆ రోజే న్యాయ విభాగానికి పంపాలి. సోషల్ మీడియా చూసే ఉద్యోగి తనంతట తాను ఎవరికీ జవాబు రాయకూడదు.

— ఉద్యోగులకు కాపీరైట్ శిక్షణ ఇచ్చే బృందం, హైదరాబాద్