పిల్లల కేసులు నాలుగు నెలల్లో తేలాలి

సంపాదకులకు,

హన్మకొండలో బైక్ చోరీల కేసులో మైనర్లు పట్టుబడ్డ వార్త పోయిన వారం మీ పత్రికలో వచ్చింది. 16 ఏళ్లు దాటితే పెద్దల జైలుకే పంపాలని కొందరు అన్నారని కూడా రాశారు. అది చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

ఘోర నేరాలకు ఆ దారి ఇప్పటికే ఉంది. నిర్భయ ఘటన తర్వాత వచ్చిన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, 16 నిండిన పిల్లలు హత్య, అత్యాచారం లాంటివి చేస్తే పిల్లల నేరాలు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు మొదట మదింపు చేసి, అవసరమైతే పెద్దవాళ్లలా విచారించడానికి పిల్లల కోర్టుకు పంపుతుంది. బైకు ఎత్తుకుపోయిన పిల్లాడికీ అదే శిక్ష కావాలా? అసలు అదే చట్టంలో మిగతావి ఎన్ని అమలవుతున్నాయి?

విచారణ 4 నెలల్లో ముగించాలి, మహా అయితే ఇంకో 2 నెలలు. చిన్న నేరమైతే, అప్పటికీ తేలకపోతే కేసే మూసేయాలి. మా వాడకట్టులో ఒక పిల్లాడి చిన్న దొంగతనం కేసు రెండేళ్లుగా సాగుతోంది. వాయిదా పడ్డప్పుడల్లా తల్లికి ఒకరోజు కూలి పోతుంది. "బోర్డు సభ్యులు రాలేదమ్మా, ఇంకో తేదీకి రండి" అంటారు. ఈ మధ్య ఏ ఆఫీసుకు పోయినా ఇన్‌చార్జులే, అడిగితే చెప్పే దిక్కుండదు. పిల్లల విషయంలోనైనా పోస్టులు ఖాళీగా ఉంచకూడదన్న ఇంగితం ఉండొద్దా?

మఫ్టీలో రావాల్సిన పోలీసులు యూనిఫాంలో, జీపుతో ఆ పిల్లాడి వాకిట్లోకి వచ్చారు. సాయంత్రానికి వాడి ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. 74వ సెక్షన్ కింద దానికి 6 నెలల జైలు, 2 లక్షల జరిమానా దాకా ఉంది. ఎవరి మీదా కేసు పెట్టలేదు. మీ విలేకరులకూ ఒక మాట: పేరు రాయకుండా బడి, వీధి, తండ్రి పని రాస్తే ఊళ్లో ఎవరికి తెలియదు? ఆ సెక్షన్ అవి కూడా రాయొద్దంటోంది. చివరికి ఒక కాలేజీ ఆ పిల్లాడికి ఇంటర్ సీటు ఇవ్వనంది. చదువు కూడా లేకపోతే వాడు ఎటు పోవాలి?

2016లో వరంగల్ స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. భద్రకాళి బండ్ అందంగా తయారైంది, సంతోషమే. మన వాడల్లో ఈ వయసు పిల్లలు సాయంత్రం ఆడుకోవడానికి మాత్రం మైదానాలు మిగల్లేదు.

పెండింగ్ కేసులను చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ 3 నెలలకోసారి సమీక్షించాలని 16వ సెక్షన్ చెబుతోంది. మన జిల్లాలో గడువు దాటిన కేసులెన్నో, బోర్డు ఏ రోజుల్లో కూర్చుంటుందో కనుక్కొని మీ పత్రికలో వేయండి. వయసు తగ్గించే మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాజీపేట