నాచు పొడి సరే, బీపీ మాత్ర మాన్పించకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల మీ పేపర్లో సముద్రపు నాచు బీపీని తగ్గిస్తుందని వేశారు. అది చదివి మా అత్తగారు రోజూ వేసుకునే టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర మానేసి, మా మరిది ఆన్‌లైన్లో తెప్పించిన నాచు పొడిని పది రోజులు మజ్జిగలో కలుపుకుని తాగారు. మాకు తెలిస్తే కదా! బియ్యం డబ్బా దులుపుతుంటే అడుగున మాత్రల అట్ట దొరికింది, ఒక్కటీ తీయలేదు. ఏఎన్‌ఎమ్ వచ్చి చూస్తే 178/104. అడిగితే "ఆకుకూర లాంటిదే కదే, ఏం చేస్తుంది" అన్నారు.

మీరు రాసింది అబద్ధమని కాదు. జపాన్ వాళ్లు సూపులో వేసుకునే వకామే నాచులోని పెప్టైడ్లు (ప్రోటీన్ తునకలు) రక్తనాళాలను బిగించే పదార్థం తయారు కావడానికి పనికొచ్చే ఏసీఈ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి, రామిప్రిల్ అనే బీపీ మాత్ర చేసేదీ అదే. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లు నాచు నుంచి బీపీకి క్యాప్సూల్ కూడా తయారు చేశారు. కానీ అది సారం తీసి, కొలత కట్టి చేసింది. మా ఇంటికొచ్చిన డబ్బా మీద ఎంత వేసుకోవాలో కూడా సరిగ్గా లేదు. ప్రకృతిసిద్ధం అంటారా, 1981లో అమెరికాలో అనుమతి పొందిన క్యాప్టోప్రిల్ అనే బీపీ మందుకి దారి చూపింది బ్రెజిల్ పాము విషం, అలాగని ఎవరూ పాము దగ్గరికి పోలేదు కదండీ.

మీరు రాయనివి ఇంకా ఉన్నాయి. కొన్ని నాచుల్లో అయోడిన్ విపరీతంగా ఉంటుంది, అది ఎక్కువైతే థైరాయిడ్‌కి మంచిది కాదు, మా అత్తగారికి థైరాయిడ్ కూడా ఉంది. పొటాషియం కూడా ఎక్కువే, టెల్మిసార్టాన్ వాడేవాళ్లకి, అందులోనూ కిడ్నీలు బాగోలేని వాళ్లకి అది ఒంట్లో పేరుకుపోయే ప్రమాదం ఉంది. అంటే మాత్ర మానినా తప్పే, అడక్కుండా రెండూ కలిపినా తప్పే. ఈ నాలుగు ముక్కలు ఒక చిన్న బాక్స్ కట్టి వేస్తే మీ సొమ్మేం పోయింది?

ఉప్పు సంగతీ ఎత్తలేదు మీరు. రోజుకి 5 గ్రాముల లోపే, అంటే ఒక టీస్పూను లోపే తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా కోనసీమలో ఆవకాయో, ఉప్పుచేపో పక్కన లేనిదే ముద్ద దిగదు. పొద్దున నాచు మజ్జిగ, మధ్యాహ్నం ఉప్పుచేప ఇగురు, మరి బీపీ ఎక్కడ దిగుతుంది?

అత్తగారు మళ్లీ మాత్ర వేసుకుంటున్నారు, నా కళ్ల ముందే. పొడి డబ్బా మాత్రం ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది, డాక్టరు గారికి చూపించేదాకా మూత తీయొద్దన్నాను.

— ఒక పాఠకురాలు, రాజోలు