హైకూకు జవాబు మెచ్చుకోలు కాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రాచీన జపనీస్ హైకూలకు జవాబుగా పాఠకులు అల్లుతున్న పద్యాలను మీ ఆదివారం సాహిత్య పుటలో ఆసక్తిగా చదువుతున్నాను. అయితే వాటిలో చాలామటుకు 17వ శతాబ్దపు జపాన్ కవి బషో చెప్పినదాన్నే మరో రెండు పంక్తుల్లో మెచ్చుకుని ఆగిపోతున్నాయి. సమస్యాపూరణం అలవాటైన మనకు ఇచ్చినదాన్ని పూరించి ముగించడమే తోస్తుంది కాబోలు. ఈ ప్రక్రియలో మాత్రం ముగించడమే తప్పు.

19వ శతాబ్దం చివర కవి మసవోక షికి విడదీసి, హైకూగా సొంతంగా నిలబెట్టకముందు, ఈ 5-7-5 మాత్రల పద్యానికి 'హొక్కు' అని పేరు. పలువురు కూర్చుని అల్లే గొలుసు కవితకు అది తొలి పద్యం. దానికి 7-7 మాత్రల్లో మరొకరు జవాబిస్తారు. 1691లో వచ్చిన 'సరుమినో' సంకలనంలోని 36 పద్యాల గొలుసు ఒకటి చూడండి. "నడి ఊళ్లో ఏవేవో వాసనలు, పైన వేసవి చందమామ" అని బషో శిష్యుడు బొంచో ఎత్తుకుంటే, "ఉక్క, ఉక్క అంటూ గుమ్మం గుమ్మానా గొంతులు" అని బషో అందుకున్నాడు. ఆయన చంద్రుణ్ణి పొగడలేదు, వాసనల ఊసెత్తలేదు. అదే రాత్రిలోకి, అదే వీధిలోకి మనుషులను తెచ్చాడు. ఆపైన మరో శిష్యుడు క్యోరాయ్, "రెండో కలుపు తీయడం పూర్తికాకముందే వరి వెన్ను వేసింది" అనేసరికి ఊరు కాస్తా మాయమై పొలం వచ్చింది, ఉక్కపోతను తిట్టుకున్న గొంతులే పంట చూసుకుంటున్న రైతుల గొంతులయ్యాయి. మూడో పద్యం రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేయాలన్నది ఇందులో ప్రాణం లాంటి నియమం.

ఆ నియమం తెలియక మేము నలుగురు మిత్రులం పాత కొలనులోకి కప్ప దూకే బషో హైకూతో మొదలుపెట్టి, రెండో పద్యంలో గట్టు మీది గడ్డినీ, మూడోదాంట్లో అలలనూ పెట్టి, ఆరో పద్యానికి కూడా ఆ కొలనులోంచి బయటపడలేకపోయాం. పూర్వ కవి హొక్కును తొలి పద్యంగా నిలిపి గొలుసు అల్లడం జపాన్‌లో ఉన్నదే. దాన్ని 'వాకి ఒకోషి' అంటారు. అక్కడ కూడా పూర్వ కవికి దక్కే గౌరవం ఆ మొదటి స్థానమే, తక్కిన గొలుసంతా ఆయన్ను దాటి వెళ్లవలసిందే.

కనుక మీ పుటలో ఇకమీదట జవాబు పద్యంతో సరిపెట్టకుండా, వేరొకరి చేత మూడో పద్యం కూడా రాయించి, మూడింటినీ ఒకచోట అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు