ఏయూకు సముద్రమే బలం

సంపాదకులకు,

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర యూనివర్సిటీ, ఏయూ) పేరు ఈమధ్య ర్యాంకుల వార్తల్లోనే ఎక్కువగా కనిపిస్తోంది. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే న్యాక్ నుంచి ఏ ప్లస్ ప్లస్ వచ్చింది, సంతోషమే. కానీ ఏ విభాగాన్ని ముందు నిలబెట్టుకోవాలో ఆ గ్రేడు చెప్పదు.

1926లో బెజవాడలో మొదలై, తర్వాత విశాఖలోని వాల్తేరు చేరిన ఏయూకు పేరు తెచ్చింది మంచి మాస్టార్లే. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి ఇక్కడ పాఠాలు చెప్పారు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గణితంలో ఎం.ఏ. చేసిందీ ఇక్కడే. ఈ పేర్లు ప్రతి సభలోనూ వింటాం.

సముద్రం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952లో ఇక్కడికి ఆచార్యుడిగా వచ్చారు. మన కుర్రాళ్లు నౌకాదళం ఓడలెక్కి బంగాళాఖాతం నీటి వేడి, ఉప్పదనం కొలిచారు. 1963లో ఆంటన్ బ్రూన్ అనే పరిశోధన నౌక యాత్రలో ఆంధ్ర తీరానికి ఆవల సముద్రగర్భంలో లోయలు బయటపడ్డాయి. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మొదటిది యూనివర్సిటీ పేరు, రెండోది జియాలజీ ప్రొఫెసర్ సి. మహదేవన్‌ది, మూడోది ఒకప్పటి వీసీ వి.ఎస్. కృష్ణది. కృష్ణ నది అనుకునేవాళ్లే ఎక్కువ! ఆ వీసీ పేరే ఉన్న లైబ్రరీ మెట్లెక్కే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇదేదో పాత గొప్ప అని వదిలేయలేం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటి క్యాంపస్ చెట్లను కూల్చేసింది. విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక ఆగిపోయి ఆర్కే బీచ్ కోసుకుపోతోంది. డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పోస్తుంటారు, అలలు మళ్లీ పట్టుకుపోతుంటాయి. ఈ లెక్కలు తేల్చాల్సింది మన వాతావరణ, సముద్ర విజ్ఞాన విభాగం కాక మరెవరు?

ఏఐ కోర్సు ఇప్పుడు ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలోనూ దొరుకుతుంది. గుమ్మం ముందు సముద్రం ఉన్న యూనివర్సిటీలు ఎన్ని? శతాబ్ది ఆర్చీలు, ఫ్లెక్సీల ఖర్చు కాస్త తగ్గించినా ఫర్వాలేదు. సముద్ర విజ్ఞానం, జియోఫిజిక్స్, జియాలజీ విభాగాల్లో శాశ్వత పోస్టుల భర్తీకి ప్రభుత్వం ముందు అనుమతివ్వాలి. గెస్ట్ లెక్చరర్లతో ఏళ్లు నెట్టుకొచ్చే పద్ధతి పరిశోధనకు పనికిరాదు. 1950ల నాటి కొలతలు, థీసిస్‌లను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. ఎమ్మెస్సీ విద్యార్థిని ఏడాదికి ఒక్కసారైనా ఓడెక్కించాలి.

– ఒక పూర్వ విద్యార్థి, విశాఖపట్నం