హీటర్ లైన్ మూసేయకు

చి. బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

నువ్వు సుబారు కారు ఇంజన్‌తో కడుతున్న విమానం గురించి వాట్సాప్‌లో పంపిన కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) డ్రాయింగ్ ప్రింట్ తీయించి, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. రేడియేటర్ సైజు గురించి రెండు పేజీలు రాశావు గానీ, దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా గాలి బుడగలతోనే.

నీది టెయిల్‌వీల్ విమానం, అంటే మూడో చక్రం తోక కింద ఉండేది. నేల మీద ముక్కు పైకెత్తి నిలబడుతుంది, కూలెంట్ పోసేది కూడా అప్పుడే. ఆ సమయంలో అన్నిటికన్నా ఎత్తులో ఉండేది ఇంజన్ ముందు వైపు గొట్టం వంపు. నువ్వేమో కూలెంట్ ట్యాంకును వెనక ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉండే గోడకు బిగించావు. వంపులో చిక్కిన గాలి ట్యాంకులోకి ఎలా వెళ్తుంది? అది సిలిండర్ హెడ్ దగ్గరికి చేరిందంటే అక్కడ లోహానికి నీళ్లు తగలవు, ఆవిరి పుట్టి ఉన్న నీళ్లను కూడా తోసేస్తుంది. ట్యాంకు నేల మీదా, గాల్లోనూ అన్నిటికన్నా పైనే ఉండాలి. కుదరకపోతే ఎత్తుగా ఉన్న ప్రతి వంపు నుంచీ ఒక సన్న గొట్టం ట్యాంకులోకి వెయ్యి. ట్యాంకు అడుగు నుంచి లావు గొట్టం పంపు ఇన్‌లెట్‌కి వెళ్లాలి.

ప్రెషర్ క్యాప్, అంటే లోపలి ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునే మూత కూడా ఆ ట్యాంకు మీదే పెట్టు. నువ్వు గీసినట్టు రేడియేటర్‌లోకి నీళ్లు వచ్చే వైపు ఉంటే, ఫుల్ త్రాటిల్‌లో పంపు తోసే ఒత్తిడి కూడా తోడై క్యాప్ తెరుచుకుంటుంది. క్యాప్ మీద 13 పౌండ్లని ఉంటే, అది బయటి గాలి పీడనం మీద 13. పైకి వెళ్లేకొద్దీ బయటిది తగ్గుతుంది, కాబట్టి కూలెంట్ మరిగే వేడి కూడా తగ్గుతుంది. 10,000 అడుగుల ఎత్తులో మూత లేని గిన్నెలో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. చల్లబరిచే లెక్కలన్నీ విమానం పైకి ఎక్కుతున్నప్పటి పరిస్థితికే వేసుకో. అప్పుడు పవర్ ఎక్కువ, ఎదురొచ్చే గాలి తక్కువ.

కాక్‌పిట్‌ను వెచ్చబరిచే హీటర్ అక్కర్లేదు, దానికి వేడి కూలెంట్ వెళ్లే లైన్‌కు ప్లగ్ కొట్టేస్తానన్నావు. వద్దు. నీ సుబారు ఈజే22 ఇంజన్‌లో థర్మోస్టాట్, అంటే వేడెక్కితే రేడియేటర్ నీళ్లకు దారి తెరిచే వాల్వ్, పంపు ఇన్‌లెట్ దగ్గర ఉంటుంది. ఇంజన్ వేడెక్కిందని దానికి తెలిసేది హీటర్ లైన్‌లో తిరిగొచ్చే నీళ్లతోనే. మూసేస్తే ఇంజన్ కాగిపోతున్నా అది సరిగ్గా తెరుచుకోదు. ఫైర్‌వాల్ అవతల, ఇంజన్ వైపే హీటర్ లైన్ రెండు కొసలనూ చిన్న లూప్‌గా కలిపేయి. కాక్‌పిట్‌లోకి వేడి కూలెంట్ రాకుండానూ ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ముస్టాంగ్ ఫైటర్ విమానంలోలా రేడియేటర్ నుంచి థ్రస్ట్ (ముందుకు తోసే బలం) వస్తుందా అని అడిగావు కదా. రేడియేటర్ వేడికి వ్యాకోచించిన గాలి వెనక్కి తోసుకుపోతూ విమానాన్ని ముందుకు నెడుతుందని 1935లో ఇంజనీర్ మెరెడిత్ చెప్పిన సూత్రం నిజమే గానీ, నీ విమానం వేగానికి ఆ ఆశ పెట్టుకోకు. రేడియేటర్‌కు గాలి తెచ్చే డక్ట్ మాత్రం సన్నగా మొదలై మెల్లగా వెడల్పవ్వాలి.

ఇంకొకటి, టెంపరేచర్ గేజ్ ఒక్కటే చాలదు. కూలెంటంతా కారిపోతే సెన్సర్ చుట్టూ నీళ్లే ఉండవు, అప్పుడు అది చూపించే అంకెను నమ్మలేం. పక్కనే కూలెంట్ ప్రెషర్ గేజ్ కూడా పెట్టు.

కారు ఇంజన్‌తో ఎగరడమేమిటని మీ నాన్నగారు ఇంకా టెన్షన్ పడుతూనే ఉన్నారు. ఈసారి సైడ్ వ్యూలు రెండు గీసి పంపు, తోక నేల మీద ఉన్నప్పుడొకటి, లేచాక ఒకటి. ఆయనకు నేను చూపిస్తాను.

అమ్మ