సైటు అద్దె నెలకు 90 డాలర్లు ఎందుకు పెంచాల్సి వచ్చిందంటే

పెద్దలందరికీ నమస్కారం.

ఈ నవంబరు నుంచి టెక్సస్‌లోని మన పార్కులో, చలికాలం గడపడానికి వచ్చేవాళ్ళకు, ఆర్‌వీ (ఇల్లులా వాడుకునే బండి) నిలుపుకునే సైటు అద్దె నెలకు 520 డాలర్ల నుంచి 610 డాలర్లు అవుతోంది. కరెంటు ఎప్పటిలాగే మీటరు ప్రకారం విడిగా కట్టాలి, దాని మీద మేం పైసా కలుపుకోం. పోయిన వారం అందరికీ ఇంగ్లీషులో కొత్త రేట్ల కాగితం పంపాం. అది అందగానే డెట్రాయిట్ నుంచి ఒక బాబాయిగారు ఫోన్ చేశారు. "అమ్మా, ఐదు నెలలకి నాలుగు వందల యాభై ఎక్కువ. మా పెన్షన్ అంత పెరగలేదమ్మా" అన్నారు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్నేమో. ఆయన మామూలుగానే అన్నారు, నాకే మాట రాలేదు. ఆ కాగితంలో కారణం ఒక్క ముక్క కూడా రాయలేదు మేము. అది మా తప్పు. అందుకే ఏటా వచ్చే మన తొమ్మిది తెలుగు కుటుంబాలకూ, ఈ ఏడు కొత్తగా వద్దామనుకుంటున్నవాళ్ళకూ ఈ ఉత్తరం.

అన్నిటికంటే పెద్ద దెబ్బ వడ్డీ. ఇక్కడ ఇల్లు కొన్నవాళ్ళకు ముప్పై ఏళ్ళూ మారని వడ్డీ అలవాటు. పార్కుల్లాంటి వ్యాపారానికి అప్పు అలా దొరకదు. మాది ఇరవై ఏళ్ళ వాయిదాలే గానీ వడ్డీ మాత్రం ఐదేళ్ళకోసారి మారుతుంది. 2020 అక్టోబరులో ఈ పార్కు కొన్నప్పుడు 4.25 శాతం. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు: 2022 మార్చి నుంచి ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ పెంచుకుంటూ పోయింది, 2023 జులైకి అది 5.25–5.5 శాతం దగ్గర ఆగింది. తర్వాత కొంత దిగినా, 2025లో మా ఐదేళ్ళు నిండేసరికి బ్యాంకు మాకు వేసింది 7.25. మిగిలి ఉన్న అప్పు తొమ్మిది లక్షల డాలర్లు. అంటే ఏడాదికి 27,000 డాలర్లు అదనం.

ఇక ఇన్సూరెన్సు. రియో గ్రాండే లోయలో 2020 జులైలో హానా తుపాను, 2021 ఫిబ్రవరిలో మంచు, 2025 మార్చిలో వరద. మేం క్లెయిము పెట్టింది ఆ మంచప్పుడు ఒక్కసారే అయినా, ప్రీమియం ఈ ప్రాంతం మొత్తాన్నీ చూసి లెక్కకడతారు. అది 14,000 పెరిగింది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని మనం సంతోషిస్తాం గానీ స్కూళ్ళూ, కౌంటీ ఎక్కువగా నడిచేది ఆస్తి పన్ను మీదే. సొంత ఇంటికి ఉండే మినహాయింపు పార్కుకు రాదు. అభ్యంతరం పెట్టుకుని కొంత తగ్గించుకున్నాక కూడా 6,000 పెరిగింది.

మొత్తం 47,000. పోయిన చలికాలం పాత రేటుకే నడిపాం. మీ మీద భారం వేయకూడదనుకున్నాం, నిజమే. కానీ కూర్చుని లెక్క చూసుకోడానికి భయపడ్డాం కూడా. అప్పుడే 40 పెంచి ముందు నుంచీ చెప్పి ఉంటే ఇప్పుడు ఒక్కసారిగా 90 మీ నెత్తిన పడేది కాదు. పైగా పోయిన సీజన్లో కెనడా వాళ్ళు బాగా తగ్గారు. వాళ్ళ డాలరు మన డెబ్భై సెంట్ల దగ్గర ఉంది. 30 రోజులు, అంతకు మించి ఉండే కెనడావాళ్ళు పేరు నమోదు చేసుకోవాలని 2025 ఏప్రిల్ నుంచి అమెరికా ప్రభుత్వం అడుగుతోంది. ఒంటారియో నుంచి పదకొండేళ్ళుగా ఇదే పార్కుకు వస్తున్న దంపతులు, మాకంటే పాత మనుషులు, ఈసారి రాలేమని కార్డు రాశారు. 84 సైట్లలో చలికాలం నిండినవి 70.

ఆ 70లో వెనక తోటవైపు ఉన్న పది సైట్లకు పాత అద్దె 520 అలాగే ఉంచుతున్నాం. వాటికి కరెంటు కనెక్షన్ 30 యాంపులదే. రెండు ఏసీలున్న పెద్ద బండికి రెండూ ఒకేసారి నడవవు, చలికాలంలో ఒకటి చాలు. ఇవి ఇప్పటికే వస్తున్నవాళ్ళకే. ఎందుకు కావాలని నేనెవర్నీ అడగను. మిగిలిన 60 సైట్ల మీద ఐదు నెలలకు వచ్చేది 27,000, అది ఒక్క వడ్డీకే చెల్లు. వీళ్ళు కాక, ఏడాది పొడుగునా ఉండే 12 మందికి నెలకు 50 పెంచాం, అది 7,200. మిగతా 12,800 మేమే సర్దుకోవాలి. గడ్డి కోతకు మనిషిని మానిపించాం, ఆ పని మావారు చేస్తున్నారు. ఈత కొలను హీటరు డిసెంబరు, జనవరి నెలల్లోనే నడుస్తుంది. ఇది కొందరికి నచ్చదని తెలుసు.

రిసార్టు ఫీజు అని వేరే పేరుతో మాత్రం వసూలు చేయం. క్లబ్‌హౌసుకు డబ్బు అడగం. పదేళ్ళు దాటిన బండిని లోపలికి రానివ్వకూడదనే నిబంధన చాలా పార్కుల్లో ఉంది, మన దగ్గర అది రాదు. 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయి, పైపులు పగిలి, ఏం చేయాలో తెలియక నేను ఆఫీసులో నిలబడిపోయిన రాత్రి, తన జనరేటరు నుంచి నాలుగు బళ్ళకు తీగ లాగిన పెద్దాయనది 2004 నాటి మోటార్ హోమ్. ఆ బండిని గేటు దగ్గర ఆపితే ఏరు దాటి తెప్ప తగలేసినట్టే.

610 కుదరనివాళ్ళకు నాకు తెలిసిన దారులు చెప్తాను. ఆరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర ప్రభుత్వ భూమి ఉంది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి పర్మిటు 180 డాలర్లే ఉంటూ వచ్చింది, బయల్దేరే ముందు ఇప్పటి ధర కనుక్కోండి. హుకప్పులు (కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్లు) ఉండవు, సోలారు గానీ జనరేటరు గానీ మీదే, నీళ్ళు వెళ్ళి నింపుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు నేను చెప్పను. టెక్సస్ స్టేట్ పార్కుల్లో వారానికి కొన్ని గంటలు, వచ్చేవాళ్ళకు సాయపడే హోస్టుగా పనిచేస్తే సైటు ఉచితంగా ఇస్తారు, ఓపికున్నవాళ్ళకు అది బాగుంటుంది. 62 నిండిన అమెరికా పౌరులకూ, గ్రీన్‌కార్డువాళ్ళకూ 80 డాలర్ల జీవితకాలపు సీనియర్ పాసు ఉంటే చాలా ఫెడరల్ క్యాంపుల్లో సగం ధరే. మామూలుగా 14 రోజులకు మించి ఉండనివ్వరు గానీ, దారిలో ఆగడానికి పనికొస్తుంది.

రావట్లేదని అక్టోబరు 15 లోపు చెబితే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాం. మొహమాటపడకండి. సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చేస్తే నేనే ఎత్తుతాను.

వచ్చేవాళ్ళకు ఇంకో మాట. సంక్రాంతికి క్లబ్‌హౌస్ మనదే. ఆఫీసు వెనక కరివేపాకు చెట్టు ఈ ఏడు బాగా ఏపుగా ఉంది, ఎంత కావాలంటే అంత కోసుకుని వండుకోండి. కానీ మార్చిలో వెళ్ళేటప్పుడు మొక్క గానీ, కొమ్మ గానీ, ఆకు గానీ బండిలో పెట్టుకోవద్దు. నిమ్మ, నారింజ తోటల్ని చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. ఆ తెగులు 2012లో టెక్సస్‌లో మొదట బయటపడింది మన పక్కూరు శాన్ వాన్‌లోనే. దానికి మందు లేదు. అందుకే ఇక్కణ్ణుంచి బయటికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. పోయినసారి ఒక పిన్నిగారు కుండీతో సహా ఎక్కించుకున్నారు, గేటు దగ్గర దింపించాను. ఆ కుండీ ఇక్కడే ఉంది, నీళ్ళు పోస్తున్నాను.