తెలుగు ఈ-బుక్కు అమ్మేదెక్కడ?

సంపాదకుల వారికి నమస్కారం.

తెలిసిన విద్యను ఈ-బుక్కుగా రాయండి, దాన్నే ఆన్‌లైన్ కోర్సు చేయండి, నిద్రపోతున్నా డబ్బు వచ్చి పడుతుంది అన్న ధోరణిలో మీ ఆదివారం సంచికలో ఒక వ్యాసం వచ్చింది. రాసినాయన ఈ పని చేసి రాశారనిపించలేదు. నేను జీడిమెట్లలో ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లకు పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్) ప్రోగ్రామింగ్ నేర్పుతాను. ఆ ప్రోగ్రామును నిచ్చెనలాంటి బొమ్మగా రాసే ల్యాడర్ లాజిక్ మీద తెలుగులో ఈ-బుక్కు రాసి సొంతంగా అమ్ముతున్నాను, దాన్నుంచి వీడియో కోర్సూ చేశాను.

రాయడం పెద్ద కష్టం కాదు, రోజూ బోర్డు మీద చెప్పేదే. చిక్కంతా అమ్మకం దగ్గర. ‘కిండిల్‌లో పెట్టేయండి’ అని మీ వ్యాసం ఒక్క ముక్కలో తేల్చేసింది. అమెజాన్ వాళ్ల ఈ-బుక్కుల దుకాణమైన కిండిల్ 2016 చివర్లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు చోటిచ్చింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. అదే అమెజాన్ 2019లో ప్రపంచంలోకెల్లా తన అతిపెద్ద క్యాంపస్ తెరిచింది మాత్రం మన హైదరాబాదులో! ఇంగ్లీషులో రాస్తే ఏ గొడవా లేదంటారు. ఇంగ్లీషు మాన్యువల్ కొరుకుడు పడకే కదా మా కుర్రాళ్లు నా దగ్గరికొచ్చేది. ఇక మిగిలింది పీడీఎఫ్. యూపీఐలో నూట యాభై రూపాయలు తీసుకుని వాట్సాప్‌లో పంపుతాను. వారం తిరక్కుండా అది టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉచితంగా తిరుగుతుంటుంది. కోర్సు ఆలోచన అలా పుట్టింది. వీడియోలనూ కాపీ కొడతారు, కానీ రాత్రి షిఫ్టులో మెషీన్ మొరాయిస్తే ఫోన్ చేసి అడగడానికి మనిషి కావాలి కదా.

కెమెరా ముందు పుస్తకం చదివేస్తే కోర్సు అయిపోదు. స్టాప్ బటన్‌కు ఎన్‌సీ కాంటాక్ట్ (నొక్కనంతసేపూ కరెంటు పారేది) వాడి వైరింగ్ చేస్తాం, ల్యాడర్‌లో మాత్రం దానికి ఎన్‌ఓ (నొక్కితేనే పారేది) గుర్తు వేస్తాం. ‘ఇదేంటి సార్, తిరగేసి రాశారు?’ అని అడగని బ్యాచ్ లేదు. పుస్తకంలో దీనికి మూడు పేజీలు, బొమ్మలు కేటాయించాను. చదివినవాళ్లూ మళ్లీ అదే అడిగారు. వీడియోలో, బటన్ నొక్కకుండానే పీఎల్‌సీ మీది ఇన్‌పుట్ లైటు వెలిగి ఉండటం చూపించి, ఆ లైటు వెలుగుతున్నంతసేపే ఎన్‌ఓ గుర్తు దారి ఇస్తుందని చెప్పి, మోటారు తిరుగుతుండగా స్టాప్ బటన్ నుంచి వచ్చే 24 వోల్టుల కంట్రోల్ వైరు ఊడబీకాను. లైటు ఆరింది, మోటారు ఆగింది. వైరు తెగినా మోటారు ఆగి తీరాలి, ఎన్‌సీ పెట్టేది అందుకే. ఆ ప్రశ్న మళ్లీ రాలేదు. అలాగే, నంబర్ సిస్టమ్స్ (బైనరీ లాంటి అంకెల పద్ధతులు) అధ్యాయం పుస్తకంలో మొదట ఉన్నా చెల్లుతుంది, తిప్పేసి ముందుకెళ్తారు. కోర్సులో మొదటే పెడితే రెండో పాఠానికి ఎవరూ మిగలరు. దాన్ని టైమర్లు, కౌంటర్ల తర్వాతకు తోశాను. పీఎల్‌సీ కొనలేనివాళ్ల కోసం అభ్యాసాలన్నీ డెల్టా కంపెనీ వాళ్ల డబ్ల్యూపీఎల్‌సాఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేయించాను. అది ఉచితం, పీఎల్‌సీ లేకుండానే ప్రోగ్రామును నడిపి చూసే సిమ్యులేటర్ అందులోనే ఉంటుంది.

నిద్రలో సంపాదన సంగతికొస్తే, ఉడెమీ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో విద్యార్థిని సైటే వెతికి తెస్తే బోధకుడికి 37 శాతం, మన కూపన్‌తో వస్తే 97. అంటే విద్యార్థుల్ని తెచ్చుకునే పని మనదే. పన్ను సంగతి ఇంకో వింత. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. 2018లో, అచ్చు ప్రతి ఉన్న ఈ-బుక్కుకు 5 శాతానికి తగ్గించి, లేనిదాన్ని 18లోనే వదిలేశారు. ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటని నాలాంటివాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, సరే. తెలుగులో సాంకేతిక పుస్తకాలు ఈ-బుక్కులుగానే వేద్దామనుకునే ప్రచురణకర్త ఎవరైనా ఉంటే, ఆయనకేం చెబుతాం?

కిండిల్‌లో తెలుగు కోసం రెండు రాష్ట్రాల ఐటీ శాఖలు అమెజాన్‌ను ఎప్పుడైనా అడిగాయేమో మీ విలేకరిని కనుక్కోమనండి. అడిగి ఉంటే, వచ్చిన జవాబు ఇదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పీఎల్‌సీ శిక్షకుడు,
జీడిమెట్ల, హైదరాబాద్